పక్షం లేని పంచమి

ఒక నెల రోజుల పాటు నేను రోజూ సాయంత్రం ఐదింటికి క్రమం తప్పకుండా ఒక పని చేశాను. దానివల్ల పత్తి విత్తనాలు గోదాములో దిక్కులేకుండా పడి ఉన్నాయి, ఒక పెద్దమనిషికి తనది కాని తప్పు మెడకు చుట్టుకోబోయింది, నా ఉద్యోగం ఊడేదాకా వచ్చింది. దొంగతనం కాదు, తాగుడు కాదు. రిపోర్టులకు పేర్లు పెట్టాను, అంతే. ఉత్త పేర్లు పెట్టి ఇంత చేటు చేసినవాడు వరంగల్‌లో నాకు ముందు లేడనుకుంటాను. మీకెవరైనా తెలిస్తే చెప్పండి, కాస్త ఊరటగా ఉంటుంది.

ఈ సంగతి మొదటినుంచి చివరిదాకా తెలిసినవాళ్ళం ముగ్గురం. విశ్వనాథం సేటు పోయి చాలా ఏళ్ళయింది. మొన్న చలికాలంలో ఖాజా భాయ్ కూడా పోయాడు. పలకరించడానికి వెళ్తే ఆయన కొడుకు నన్ను కూర్చోబెట్టి, "మా అబ్బా మీ సంగతి చెప్పి మస్తు నవ్వేటోడు" అన్నాడు. ఏ సంగతి అని అడిగాను. "పూర్తిగ ఎన్నడు చెప్పలే. మొదలువెట్టంగనే నవ్వేటోడు, నవ్వుతాంటె దగ్గు వచ్చేది, ఆడికే ఆపేటోడు" అన్నాడు. కాబట్టి పూర్తిగా చెప్పే పని నాకు మిగిలింది.

అవి ఎనభైల చివరి ఏళ్ళు. మట్టెవాడలో సేటుకు విత్తనాల దుకాణం ఉండేది. ముందు దుకాణం, వెనక గోదాము, గోదాము మూలన కూలర్ పెట్టిన ఒక చల్లగది. ఆ గదిలో మొలక పరీక్ష చేసేవాళ్ళం. ఒక్కో రకం బస్తాల గుంపును లాటు అంటారు. ఒక్కో లాటులోంచి కొన్ని గింజలు తీసి, తడి కాగితం మీద వరసగా పేర్చి, చాపలా చుట్టి నిలబెట్టాలి. నాలుగో రోజు విప్పి మొలిచినవి లెక్కపెట్టాలి. పన్నెండో రోజు చివరి లెక్క. ఈ లెక్కల రిపోర్టులు చూసి ఇన్‌స్పెక్టరు సంతకం పెడితేనే విత్తనం అమ్మకానికి వెళ్తుంది. గింజలో జీవముందో లేదో దేవుడికి ముందే తెలుసు కానీ, ఇన్‌స్పెక్టరుకు కాగితం మీద తెలియాలి.

లెక్కపెట్టే మనిషి ఖాజా భాయ్. సేటు తండ్రి కాలం నుంచి ఆ గదిలోనే ఉన్నాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, నెమ్మదిగా ఉండేవాడు. మొలకను రెండు వేళ్ళతో ఎత్తి చూసే తీరు చూస్తే, పురిటిబిడ్డను ఎత్తుకున్నాడా అనిపించేది.

ఆ లెక్కలు యంత్రంలోకి ఎక్కించేవాణ్ణి నేను. డిగ్రీ తర్వాత హనుమకొండలో మూడు నెలలు కంప్యూటర్ కోర్సు చేశాను. ముప్పై మందికి ఒకటే కంప్యూటరు, కాబట్టి రెండు నెలలు కాగితం మీద కీబోర్డు బొమ్మ గీసుకుని దానిమీద టైపు నేర్చుకున్నాం. బొమ్మ మీద నేను చాలా వేగం. ఆ వేగాన్ని నమ్మి సేటు నన్ను పెట్టుకున్నాడు. "తాత్కాలికమే. ఈ సీజన్ రిపోర్టులన్ని ఇన్‌స్పెక్టర్ చేతిల సక్కగ పెట్టిననాడు పర్మనెంట్ ఆర్డర్ ఇస్త" అన్నాడు.

ఆ ఆర్డరు నాకు చాలా అవసరం. రెండేళ్ళుగా ఖిలా వరంగల్‌లో అక్కవాళ్ళింట్లో ఉంటున్నాను. బావ మంచివాడే, ఒక్క మాట కూడా కఠినంగా అనలేదు. కంచం ముందు కూర్చున్నప్పుడు మాత్రం, "తిను బామ్మర్దీ, సిగ్గుపడకు. రెండేండ్ల సంది పడలే, ఇప్పుడేం పడతవ్" అనేవాడు. ఆ మాట తర్వాత రెండోసారి అన్నం పెట్టించుకోవడానికి ఎంత గుండెధైర్యం కావాలో మీరే ఊహించండి. పర్మనెంట్ అయితే సొంతంగా ఒక గది అద్దెకు తీసుకోవచ్చు, సిగ్గుపడకుండా తినవచ్చు. నా ఆశయాలు అంతకన్నా పైకి పోలేదు.

సాయంత్రం లెక్కలు కొట్టి ఒక మీట నొక్కితే, యంత్రమే రిపోర్టు తయారుచేసుకుని దానికి తనే పేరు పెట్టుకునేది. ఆ పేరు ఎలా ఉండాలో మనం ముందే చెప్పి ఉంచవచ్చు. ఇటుకల అచ్చు లాంటిదన్నమాట. హైదరాబాదు నుంచి వచ్చి ఆ ప్రోగ్రాం వేసినవాడు అచ్చులో రోజుకు రెండంకెలు, నెలకు రెండు, సంవత్సరానికి రెండు పెట్టి వెళ్ళాడు. ఆరు అంకెలు. చూడటానికి బాగుండదు కానీ, వందేళ్ళలో ఒక పేరు మళ్ళీ రాదు. ఆ సంగతి నాకప్పుడు పట్టలేదు. బాగుండదు అన్నదొక్కటే పట్టింది.

పట్టించినవాడు సేటు. ఒకరోజు తెర మీదికి వంగి చూశాడు.

"సుధాకరూ, గీ అంకెలేంది? ఫోన్ నంబరా?"

"తేదీ సేటూ."

"ఎవరి తేదీ?"

"ఇయ్యాల్టిదే."

"ఇయ్యాల దశమి. నాకు గా దశమి ఏడున్నదో చూపెట్టు."

చూపించలేకపోయాను. సేటు ఇంట్లో పాలవాడి లెక్కనుంచి పెళ్ళి మాటలదాకా అన్నీ తిథుల మీదే నడిచేవి. ఫలానా లాటు ఎప్పుడు లెక్కపెట్టారంటే "ఏకాదశి నాడు, నేను ఒక్కపొద్దు ఉన్న" అని టక్కున చెప్పేవాడు. మే నెల ఎన్నో తారీఖంటే నా వంక చూసేవాడు.

"జర మన తీరుగ పేర్లు పెట్టరాదా? పంచమి అంటె పంచమి కాగితం ఎల్లాలె. అయితదా, కాదా?"

కాదు అని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ఇరవై మూడేళ్ళవాడు, మూడు నెలల కోర్సు చేసినవాడు, కాదు అనడం మీరెక్కడైనా చూశారా?

"ఒక్క గంట పని సేటూ" అన్నాను.

మూడు రోజులు పట్టింది. తేదీ స్థానంలో మన సొంత జాబితాలోంచి మాట తెచ్చి పెట్టుకునే వెసులుబాటు ఆ ప్రోగ్రాంలో ఉంది. పంచాంగం ముందు పెట్టుకుని, సీజన్ మొత్తానికి ఏ తేదీన సూర్యోదయానికి ఏ తిథి ఉందో వరసగా కొట్టాను. ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు. పౌర్ణమి సరిగ్గా ఎనిమిదింటిలో ఇమిడింది. అమావాస్య కూడా ఎనిమిదే. ఆ రెండూ అలా అతికినట్టు కుదిరినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇల్లు కట్టినవాడికి కూడా కలగదు. చతుర్దశి మాత్రం పొడవైపోయింది. దానికి ఖాజా భాయ్ ఉపాయం చెప్పాడు: "మా గల్లీల మార్వాడీలు చౌదస్ అంటరు. గదే పెట్టు, ఖతం." త్రయోదశికి తేరస్ కూడా ఆయనే ఇచ్చాడు.

ఇప్పుడు మీలో పంచాంగం తెలిసినవాళ్ళు గొంతు సవరించుకుంటూ ఉంటారు. ఆగండి, నాకూ తెలుసు. నెలలో పంచమి రెండుసార్లు వస్తుందని, శుద్ధ పంచమి ఒకటి, బహుళ పంచమి ఒకటి అని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అందుకే మొదట పేరుకు ముందు ఎస్ అని, బి అని ఒక అక్షరం కూడా పెట్టాను. సేటు అది చూసి మొహం చిట్లించాడు.

"ఏకాదశి ముంగట గీ పురుగేంది?"

"ఏ పక్షమో తెల్వాలె గద సేటూ."

"పక్షం నాకు ఎరుకనేనయ్యా. తలకాయెత్తి సూస్తె తెల్వదా?"

అదీ నిజమే. మాటల్లో పక్షం ఎవరు చెబుతారు? ఏకాదశి అంటారు, అంతే. ఏ ఏకాదశో రాత్రి పెరట్లోకి వచ్చి తలెత్తితే తెలుస్తుంది. కంప్యూటరుకు పెరడు లేదన్న సంగతి నాకు తట్టలేదు. పైగా ఆ పురుగువల్ల పౌర్ణమికి తొమ్మిది అక్షరాలై చివరిది తెగిపోతోంది. అంత అందంగా కుదిరినదాన్ని చెడగొట్టడానికి చేతులు రాలేదు. పురుగును తీసేశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త కంప్యూటరువాడు పక్షం ఎరగడు.

ఇంకొక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. ఉన్న పేరుతోనే కొత్త రిపోర్టు వస్తే ఆ యంత్రం అడిగేది కాదు, దగ్గేది కాదు. పాతదాన్ని తుడిచేసి కొత్తదాన్ని ఆ చోట కూర్చోబెట్టేది. అద్దెకున్నవాణ్ణి చెప్పకుండా ఖాళీ చేయించే ఇంటివాడు కూడా అంత నిశ్శబ్దంగా చేయలేడు.

వైశాఖ శుద్ధ పాడ్యమి నాడు మొదలుపెట్టాం. పదిహేను రోజులు నా వైభవం చూడాల్సింది. దుకాణానికి పరకాల నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో వ్యాపారులు వస్తే సేటు వాళ్ళను వెనకగదికి తీసుకొచ్చేవాడు.

"ఏ తిథి కావాల్నో అడుగుండ్రి."

"సప్తమి" అనేవాడు ఒకాయన, భయపడుతూ.

నేను సప్తమి తీసేవాణ్ణి. తెర మీద సప్తమి వచ్చేది. ఆయన చెప్పులు విప్పి దణ్ణం పెట్టబోతే ఒకసారి నేనే ఆపాను.

ఆ ఊపులో ఇంకో రెండు ఘనకార్యాలు చేశాను. ఖాజా భాయ్ లెక్కలు చిన్న చీటీల మీద రాసిచ్చేవాడు, వాటిని నేను ఎక్కించేవాణ్ణి. "ఎక్కించినంక చీటీలెందుకు భాయ్, చింపెయ్" అన్నాను. రిపోర్టులు కాగితం మీద అచ్చు తీయాలంటే ఆ కాగితం హైదరాబాదు నుంచి రావాలి. "తొందరేముంది సేటూ, అన్ని లోపల భద్రంగున్నయ్. ఇన్‌స్పెక్టర్ వచ్చిననాడు ఒక్కసారే తీద్దాం" అన్నాను. లోపల భద్రంగా ఉన్నాయి అన్న మాట తల్చుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

దేవుడు నన్ను హెచ్చరించలేదని కూడా అనలేను. ఆ పక్షంలో ద్వాదశి రెండు సూర్యోదయాలకు ఉంది. నేను జాబితాలో వరసగా రెండు రోజులూ ద్వాదశే కొట్టాను. రెండో రోజు సాయంత్రం ఖాజా భాయ్ "నిన్నటిది జర తీయి, ఒక లాటు మీద అనుమానమున్నది" అన్నాడు. తీస్తే ఇవాల్టిదే ఉంది. నిన్నటిది లేదు.

నేను ఏమనాలి? నా అచ్చులో తప్పుందేమో చూడాలి అనాలి. నేనన్నది ఇది:

"నువ్వేం నొక్కినవ్ భాయ్?"

"నేనేం నొక్కుత బాబూ? దుమ్ము పడకుండ గుడ్డ కప్పిన."

"గుడ్డ కప్పేటప్పుడు ఏదో తగిలుంటది."

"గుడ్డ తగిలితె లెక్క పోతాదా?"

"ఒక్కోసారి పోతది" అన్నాను, ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడిలా.

ముందురోజు లెక్కపెట్టి తీసేసిన మొలకలు తట్టలో ఇంకా ఉన్నాయి. ఆయన వాటిముందు కూర్చుని లాటు లాటుగా మళ్ళీ లెక్కపెట్టి నాకు చీటీ ఇచ్చాడు. నేను ఆ లెక్కలను ఇవాల్టి రిపోర్టులోనే కలిపేసి, సేటుతో మాత్రం "ఖాజా భాయ్ గుడ్డ కప్పుతాంటె ఏదో మీట తగిలింది, నేను సరిచేసిన" అని చెప్పాను. అడుసు తొక్కాను, కాలు కడుక్కోవడానికి ఆయన నీళ్ళే వాడుకున్నాను. ఆ తర్వాత ఖాజా భాయ్ ఆ గుడ్డను రెండు చేతులతో అంచులు పట్టుకుని, నిద్రపోతున్న పులి మీద కప్పినట్టు కప్పేవాడు.

పౌర్ణమి వెళ్ళింది. మర్నాడు బహుళ పాడ్యమి. నేను మీట నొక్కాను. శుద్ధ పాడ్యమి రిపోర్టు పోయింది. ఆ మర్నాడు శుద్ధ విదియ పోయింది. ఇలా రోజుకొకటి, సాయంత్రం ఐదింటికి, నా చేత్తోనే. చంద్రుడు ఎలా తరిగాడో నా రిపోర్టులూ అలాగే తరిగాయి. తేడా ఏమిటంటే చంద్రుడు తిరిగి వస్తాడు.

అమావాస్య నాటి పొద్దున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, మాట మెత్తన. సేటు ఆయనకు సోడా తెప్పించి, నా వెనక నిలబడి, "మావోని పని సూడుండ్రి సార్" అన్నాడు. నేను ఇంటినుంచి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాను. బావ కూడా పొద్దున "ఇయ్యాలనా బామ్మర్దీ ఆర్డర్? గది సూడమంటవా?" అని అడిగాడు.

"ఏడో లాటు చివరి లెక్క చూపించండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పంచమి సార్" అని తీశాను.

ఆయన చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఇందులో ఇరవై రెండో లాటు ఉందండీ."

"పంచమే సార్ ఇది."

"పంచమే కావచ్చు బాబూ. ఏడో లాటు లేదు."

షష్ఠి తీశాను. సప్తమి తీశాను. అన్నీ గత పది రోజులవే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడికి కనీసం మూడు కాళ్ళైనా మిగిలాయి. నేను పెట్టిన పంచమికి ఒకటే పక్షం. నెల మొదటి సగంలో మిగిలింది పౌర్ణమి ఒక్కటి. ఆ రోజు మబ్బేసి కరెంటు లేక రెండు లాట్లే లెక్కపెట్టాం.

విషయం నాకు అప్పుడే పూర్తిగా అర్థమైంది. అర్థమైన క్షణంలోనే సేటు నోరు విప్పాడు.

"ఖాజా ఏదో నొక్కిండు సార్. పదిహేను దినాల కింద గూడ గట్లనే జేసిండు. ఏమయ్యా ఖాజా?"

ఖాజా భాయ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నా వంక చూశాడు. తర్వాత నేల వంక చూసి, "నాకైతె తెల్వది సేటూ. గుడ్డ కప్పేటప్పుడు ఏమన్న తగిలిందేమో" అన్నాడు.

చదువరులారా, నేను గొప్పవాణ్ణని రాసుకునే అవకాశం ఇక్కడ ఉంది కానీ, నిజం రాస్తాను. నేను వెంటనే మాట్లాడలేదు. ముందు అద్దె గది కనబడింది. అందులో నా కంచం కనబడింది. ఖాజా భాయ్‌ని సేటు ఎలాగూ తీసేయడు, తండ్రి కాలం మనిషి, నాలుగు మాటలు అని ఊరుకుంటాడు అని కూడా లెక్క వేసుకున్నాను. సోడా గ్లాసులో బుడగలు ఆగేదాకా అలా ఉన్నాను. చివరికి నన్ను కదిలించింది ధర్మం కాదు, ఆ గుడ్డ. చక్కగా నాలుగు మడతలు పెట్టి యంత్రం పక్కన ఉంది. దానివైపు చూసి ఇంకో అబద్ధం చెప్పడం కుదరలేదు.

"భాయ్ ఏం నొక్కలే సేటూ. అప్పుడు గూడ నొక్కలే. నేనే. పక్షం తీసేసిన, ఒకదాని మీద ఒకటి ఎక్కినయ్. చీటీలు చింపమన్నది గూడ నేనే."

సేటు తెర మీదికి వంగి చూశాడు. తర్వాత అడిగాడు: "అంటె శుద్ధ పక్షమంతా పోయిందా?"

"పున్నమి ఉన్నది సేటూ."

"పున్నమి ఉన్నదట" అన్నాడు సేటు, ఇన్‌స్పెక్టరుతో. ఆయన సోడా తాగుతూ ఉక్కిరిబిక్కిరయ్యాడు.

తేరుకుని ఆయనే దారి చూపించాడు. "ఆ లాట్లకు పరీక్ష మళ్ళీ పెట్టండి. పన్నెండు రోజులు. మృగశిర కార్తెకు ముందే అయిపోతుంది. అయితే ఇవాళే మొదలుపెట్టాలి."

"ఇయ్యాలనా? ఇయ్యాల అమావాస్య సార్."

"గింజలు నా కళ్ళముందే తీయాలి, రేపైతే నేను వేరే జిల్లాలో ఉంటానండీ."

సేటు పంచాంగం వైపు చూశాడు, గోదాము వైపు చూశాడు, నా వైపు చూడలేదు. "ఖాజా, నువ్వేమంటవ్?"

"గింజకు తిథి తెల్వది సేటూ, తడి తెలుసు. కాయితాలు నానబెడత."

"అది కాదయ్యా. గీ పిలగాన్ని ఏంజెయ్యాలె? హనుమకొండల గసొంటోళ్ళు పదిమంది దొరుకుతరు."

ఖాజా భాయ్ అప్పటికే చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు.

"దొరుకుతరు సేటూ. కొత్తోడు వస్తె మళ్ళ మొదటికెల్లి చెడగొడ్తడు. ఈడు చెడగొట్టుడు అయిపోయింది. ఈన్నే ఉంచుకో, చవకగ పడతది."

నా గురించి ఇంతకన్నా మంచి సిఫారసు ఎవరూ ఇవ్వలేదు, తర్వాత కూడా.

పన్నెండు రోజులు నేను ఆయన పక్కన కూర్చుని కాగితాలు తడిపాను, చుట్టాను, విప్పాను. మొలకను రెండు వేళ్ళతో ఎత్తడం నేర్చుకున్నాను. రెండో రోజే "తప్పయింది భాయ్, నీ మీద వేసిన" అన్నాను. "ఎరుకనే. గా దినమే ఎరుకనే" అన్నాడు. "మరి ఎందుకు చెప్పలే?" అంటే, "నువ్వు గంత తెలివిగ మాట్లాడ్తాంటివి, నడిమిట్ల ఎందుకని" అన్నాడు. ఆపై తనే నవ్వాడు. దగ్గు వచ్చింది.

అచ్చులో మళ్ళీ ఆరు అంకెలు పెట్టేశాను. వాటికి అందం లేదు, పొగరు లేదు, ఒకదాన్ని ఒకటి తినవు. అమావాస్య నాడు నానిన గింజలు బ్రహ్మాండంగా మొలిచాయి. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాడు. మృగశిర కార్తె వచ్చేసరికి విత్తనం బండ్లెక్కింది.

ఆ సాయంత్రం సేటు నన్ను పిలిచి, "నీ ఆర్డర్ నువ్వే కొట్టుకో, నేను సంతకం పెడత. జర సక్కగ కొట్టు" అన్నాడు. పరుగెత్తుకెళ్ళి కూర్చున్నాను. పైన తేదీని యంత్రమే వేసుకుంటుంది, కింద మూడు వాక్యాలు నావి. రెండో వాక్యంలో ఉండగా కరెంటు పోయింది. పావుగంటకు వచ్చింది. ఆనందంలో గబగబా మళ్ళీ మొదలుపెట్టి కొట్టాను, అచ్చు తీశాను, సేటు ఇంగ్లీషు తేదీ వంక చూడకుండా సంతకం పెట్టాడు, నేను చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇంటికెళ్ళి బావ చేతిలో పెట్టాను. బావ దీపం దగ్గరికి జరిగి, తాపీగా, పైనుంచి కిందికి చదివాడు. అతని చూపు మళ్ళీ పైన తేదీ దగ్గరికి వెళ్ళింది.

ఆ రోజుల్లో ఆ యంత్రాలకు సొంత గడియారం ఉండేది కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇవాళ తేదీ ఎంత అని అడిగేవి. చెప్పకుండా ఉత్తగా ఎంటర్ కొడితే వాటికి తెలిసిన ఒకే ఒక్క తేదీ వేసుకునేవి. అది 1980 జనవరి ఒకటి. ఆ హడావుడిలో నేను కొట్టింది ఉత్త ఎంటరే.

"బామ్మర్దీ" అన్నాడు బావ, "నీకు పదో తరగతిలనే కొలువు దొరికిందట గదా. మరి గీ రెండేండ్లు నా ఇంట్ల ఎందుకు తిన్నవ్?"

అందుచేత నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కాగితానికీ అందం చూసి పేరు పెట్టను. పెట్టేముందు ఆ పేరు గలది లోపల ఇంకొకటి ఉందేమో తలుపు తట్టి అడుగుతాను. కరెంటు పోయి వచ్చాక ఏ యంత్రమైనా నన్ను ప్రశ్న అడిగితే, ఎంత ఆనందంలో ఉన్నా సరే, లేచి నిలబడి, చేతులు కట్టుకుని, సంవత్సరంతో సహా జవాబు చెబుతాను. ఆ ఆర్డరు మాత్రం మార్పించలేదు. సేటు దాన్ని చివరిదాకా ఫైలులో అలాగే ఉంచాడు. దాని లెక్కన ఆ దుకాణంలో ఆ కంప్యూటరు కన్నా నేనే సీనియర్‌ని.